కాలువ గట్టు మీద ప్రిన్స్‌టన్ చుట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే సైకిలు దారి గురించి వచ్చాయి. రాసినవారికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఒకరు ఆ దారిలో తొలిసారి బయలుదేరబోతున్నారు, మరొకరు కొడుకు ఇంటి దగ్గర దాని మీద సాయంత్రాలు నడుస్తున్నారు. మధ్య న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్, వాషింగ్టన్ క్రాసింగ్, ట్రెంటన్‌లను కలుపుతూ, సగానికి పైగా కాలువ గట్ల మీదా డెలావేర్ నది పక్కనా సాగే ఈ చుట్టును నేను చాలాసార్లు తొక్కాను కాబట్టి, నాలుగింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేము ప్లెయిన్స్‌బరోలో ఉంటాము. నా వయసు 44. హైబ్రిడ్ సైకిలు మీద వారాంతాల్లో 10, 12 మైళ్లు తొక్కే అలవాటు ఉంది. మా అమ్మాయికి 15 ఏళ్లు. బడిలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం చదువుతోంది. ఇద్దరం ప్రిన్స్‌టన్‌లో బయలుదేరి, కాలువ గట్టు మీదుగా ట్రెంటన్, అక్కడి నుంచి నది వెంట వాషింగ్టన్ క్రాసింగ్ చేరి, పెన్నింగ్టన్ మీదుగా తిరిగి రావాలని అనుకుంటున్నాం. ఒక్క రోజులో అయ్యే పనేనా? దారిలో ఏమేం చూడాలి? (ఒక పాఠకుడు, ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ)

జవాబు: ఒక్క రోజులో అవుతుంది. మొత్తం చుట్టు దాదాపు 35 మైళ్లు, అంటే 55 కిలోమీటర్ల పైచిలుకు. ఆగి చూసే సమయంతో కలిపి ఆరు గంటలు పెట్టుకోండి. అయితే అంతకు రెండు వారాల ముందు, ప్రిన్స్‌టన్ నుంచి ట్రెంటన్ వైపు కాలువ గట్టు మీద 10 మైళ్లు వెళ్లి వెనక్కి రండి. 20 మైళ్ల తరువాత మీ నడుమూ అమ్మాయి అరచేతులూ ఏమంటాయో తెలిసిపోతుంది.

మీరు గీసుకున్న దారిలో నేను మార్చమనేది ఒక్కటే: దిక్కు. మీరు తూర్పున మొదలుపెట్టి దక్షిణం, పడమర, ఉత్తరం మీదుగా, అంటే ప్రదక్షిణంగా తిరగాలనుకుంటున్నారు. గుడి చుట్టూ తిరిగే అలవాటు వల్ల మనకు అదే సహజంగా తోస్తుంది గాని, ఇక్కడ అప్రదక్షిణమే మేలు. ముందుగా పెన్నింగ్టన్ మీదుగా వాషింగ్టన్ క్రాసింగ్ వెళ్లి, నది వెంట ట్రెంటన్‌కు దిగి, కాలువ గట్టు పట్టుకుని ప్రిన్స్‌టన్ చేరండి. ఇందుకు రెండు కారణాలున్నాయి. కాలువ అన్నది లాకుల దగ్గర తప్ప ఎక్కడా ఎక్కదు, దిగదు. దాని గట్టూ అంతే. ఈ చుట్టులో ఉన్న ఎత్తుపల్లాలన్నీ ప్రిన్స్‌టన్‌కూ డెలావేర్ నదికీ మధ్య, నీటికి దూరంగా పోయే ఆ మొదటి 14 మైళ్లలోనే ఉన్నాయి. అవి పెద్ద కొండలేమీ కావు గాని, 20 మైళ్లు తొక్కిన కాళ్లకు మాత్రం కొండల్లాగే అనిపిస్తాయి. వాటిని పొద్దున్నే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు దాటేస్తే మిగతా రోజంతా చదునే. రెండో కారణం మీ అమ్మాయి పాఠానికి సంబంధించినది. జార్జ్ వాషింగ్టన్ సైన్యం నది దాటి, ట్రెంటన్ మీద పడి, ఆ తరువాత ప్రిన్స్‌టన్‌కు వచ్చింది. మీ దారిలో వెళితే కథ చివరి నుంచి మొదటికి నడుస్తుంది. తిరగేస్తే సైన్యం నడిచిన వరుసలోనే మీరూ నడుస్తారు.

ప్రిన్స్‌టన్ నుంచి రోజ్‌డేల్ రోడ్డు పట్టుకుని పడమరగా వెళ్లండి. జీఆర్ఈ, టోఫెల్ పరీక్షలు తయారుచేసే ఈటీఎస్ సంస్థ దశాబ్దాలుగా నడిచిన ఆవరణ ఈ రోడ్డు మీదే ఉంది. హైదరాబాదులోనో గుంటూరులోనో కూర్చుని ఆంగ్ల పదాల జాబితాలు బట్టీ పట్టిన రోజులు మీకూ గుర్తుంటే, దాన్ని దాటేటప్పుడు బెల్లు ఒకసారి మోగించవచ్చు. ఆ చుట్టుపక్కలే లారెన్స్ హోప్‌వెల్ ట్రెయిల్ అనే 20 మైళ్ల పైచిలుకు సైకిలు దారి తగులుతుంది. దాని మీద మెర్సర్ మెడోస్ అనే పచ్చికబయళ్ల పార్కులోకి వెళితే ‘పోల్ ఫార్మ్’ అనే భాగం వస్తుంది. 1929లో ఏటీ అండ్ టీ సంస్థ సముద్రం అవతలి దేశాలకు రేడియో ద్వారా టెలిఫోను మాటలు పంపడానికి ఇక్కడ వందల ఎకరాల్లో స్తంభాలు పాతి తీగలు కట్టింది. సముద్రం కింది తీగలూ ఉపగ్రహాలూ వచ్చాక 1975లో దాన్ని మూసివేశారు. పేరు మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడక్కడ గడ్డి, పిట్టలు, సైకిళ్లు. ఇంటికి చేసే వీడియో కాలుకు మూలం ఇలాంటి పొలంలో ఉందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

పెన్నింగ్టన్ దాటాక నది దాకా ఉన్న రోడ్డు మీద కార్లు వేగంగా పోతాయి. అమ్మాయిని ముందు పెట్టి మీరు వెనక ఉండండి. సైకిలును దాటే వాహనం కనీసం నాలుగు అడుగుల ఎడం ఇవ్వాలని 2022 నుంచి న్యూజెర్సీ చట్టం చెబుతోంది. ఇస్తారని నమ్మి మాత్రం తొక్కకండి. పదిహేడేళ్ల లోపు వారికి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. మీకు తప్పనిసరి కాకపోయినా, కూతురి ముందు తండ్రి బోడితలతో బయలుదేరితే బాగుండదు.

వాషింగ్టన్ క్రాసింగ్ దగ్గర ఓ గంట ఆగండి. 1776 డిసెంబరు నాటికి వాషింగ్టన్ సైన్యం న్యూయార్క్ పోగొట్టుకుని, న్యూజెర్సీ అంతా వెనకడుగు వేసుకుంటూ వచ్చి, నదికి అవతలి ఒడ్డున పెన్సిల్వేనియాలో తలదాచుకుంది. చాలామంది సైనికుల ఒప్పంద గడువు ఆ నెలాఖరుతో ముగిసిపోతుంది. డిసెంబరు 25 రాత్రి, మంచుగడ్డలు తేలుతున్న నదిని, ఇనుము వంటి బరువు సరుకులు మోయడానికి వాడే డర్హమ్ పడవల మీద సుమారు 2,400 మంది, 18 ఫిరంగులు, గుర్రాలు దాటాయి. అర్ధరాత్రికి ముగియవలసిన దాటింపు వడగళ్ల గాలివానలో తెల్లవారుజాము మూడు దాకా సాగింది. ఇంకా దిగువన దాటవలసిన మరో రెండు దళాలు మంచు వల్ల అనుకున్నట్లు దాటలేకపోయాయి. సైన్యం పైకి నడిచిన బాట పార్కులో ‘కాంటినెంటల్ లేన్’ పేరుతో ఇప్పటికీ ఉంది, నది ఒడ్డున ఆ నాటి జాన్సన్ ఫెర్రీ హౌస్ కూడా ఉంది. అక్కడ నిలబడి నదిని చూసిన వారికి ముందుగా కలిగే ఆశ్చర్యం దాని వెడల్పు గురించే. రాజమండ్రి దగ్గర గోదావరిని చూసిన కళ్లకు ఇది నది లెక్కలోకే రాదు. మరి ఇంత చిన్న నదిని దాటడానికి అంతసేపు ఎందుకు పట్టిందన్న ప్రశ్న మీ అమ్మాయి అడిగితే, జనవరిలో మళ్లీ తీసుకొచ్చి చూపిస్తానని చెప్పండి.

అక్కడి నుంచి ట్రెంటన్ తొమ్మిది మైళ్ల లోపే. సైన్యం రోడ్ల మీద, మంచులో, నాలుగు గంటలు నడిచింది. చలికి గడ్డకట్టి ఇద్దరు దారిలోనే చనిపోయారు. మీరు నది వెంట, కాలువ పక్కన, గంటలోపే చేరుతారు. ఇక్కడ మీ చక్రాల కింద ఉన్నది నిజానికి పాత రైలు కట్ట. కాలువ పక్కనే 1850 దశకంలో వేసిన బెల్విడేర్ డెలావేర్ రైలు మార్గం మూతబడ్డాక, పట్టాలు తీసేసి రాతిపొడి పరిచారు. అందుకే దారి గీత గీసినట్లు తిన్నగా ఉంటుంది, కొంత విసుగూ పుట్టిస్తుంది. చెట్ల సందుల్లోంచి నది కనిపించినప్పుడల్లా ఆగడం ఒక్కటే దానికి మందు. ఊరు దగ్గర పడ్డాక కాడ్‌వాలడర్ పార్కు వస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కును రూపొందించిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ దీన్నీ రూపొందించాడు. మధ్యాహ్నం డబ్బా విప్పడానికి ఈ పార్కు చెట్ల నీడ చక్కటి చోటు.

ట్రెంటన్ గురించి మీకు ఎవరో ఒకరు భయం చెప్పే ఉంటారు. పట్టపగలు, వారాంతంలో, ఊళ్లోంచి వెళ్లడం నాకు ఎన్నడూ ఇబ్బంది కాలేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఊరి మధ్యలో కాలువను హైవే కింద గొట్టాల్లో కప్పేశారు కాబట్టి, మైలుకు పైగా మీకు దారి చూపించే నీరు ఉండదు, వీధులే గతి. నేను మొదటిసారి ఇక్కడ మ్యాపును నమ్మకుండా నా తెలివిని నమ్ముకుని ముప్పావుగంట తిరిగిన చోటికే తిరిగాను. ముందే దారి ఫోనులో దించుకోండి. తప్పిపోయినా, తప్పిపోకపోయినా, 1758లో కట్టిన ఓల్డ్ బ్యారక్స్ మాత్రం చూడండి. డిసెంబరు 26 ఉదయం ఎనిమిది గంటలకు వాషింగ్టన్ సైన్యం వచ్చి పడినప్పుడు ఈ ఊళ్లో ఉన్నది బ్రిటన్ అద్దెకు తెచ్చుకున్న జర్మన్ దళాలు, హెస్సియన్లు. గంటన్నర లోపు అంతా అయిపోయింది; వారి నాయకుడు రాల్ గాయాలతో మరణించాడు, దాదాపు 900 మంది పట్టుబడ్డారు. ఎవరికైనా కాళ్లు లాగేస్తున్నాయని అనిపిస్తే చుట్టును ఇక్కడే తెంచవచ్చు: ట్రెంటన్ స్టేషన్లో రైలెక్కితే ప్రిన్స్‌టన్ జంక్షన్ దగ్గరే, రద్దీ లేని వేళల్లో సైకిళ్లను ఎక్కనిస్తారు.

మిగిలిన 10 మైళ్లు పెద్ద కాలువ గట్టు. రూట్ 1 హైవే అడ్డొచ్చే చోట సిగ్నలు దగ్గరే, సైకిలు దిగి నడిపించుకుంటూ దాటండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. ఆ తరువాత లారెన్స్ పచ్చికమైదానం ఆవల 1761 నాటి ఇటుకల బ్రెయర్లీ హౌస్ ఉంది. కట్టిన సంవత్సరాన్ని గోడలోనే ఇటుకలతో పేర్చిన ఇల్లది. ఇంకాస్త ముందుకు వెళితే పోర్ట్ మెర్సర్ దగ్గర వంతెన కాపరి ఇల్లు. అక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. ట్రెంటన్ గెలుపు తరువాత వారానికి, 1777 జనవరి 2న, బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ట్రెంటన్‌లోని అసన్‌పింక్ వాగు దగ్గర వాషింగ్టన్‌ను అడ్డగించాడు. ఆ రాత్రి వాషింగ్టన్ శిబిరంలో నెగళ్లు మండుతూనే ఉంచి, పక్క దారిన సైన్యాన్ని నడిపించుకుని తెల్లవారేసరికి ప్రిన్స్‌టన్ పొలిమేర చేరాడు. పగలంతా బురదగా ఉన్న దారులు రాత్రి చలికి గట్టిపడటం వల్లే ఫిరంగులు కదిలాయి. స్టోనీ బ్రూక్ వాగు పక్కన వారు వచ్చిన ఆ దారే నేటి క్వేకర్ రోడ్డు, అది పోర్ట్ మెర్సర్ దగ్గరి నుంచే యుద్ధభూమి వైపు వెళుతుంది. నాకు ఈ చుట్టు మొత్తంలో ఎక్కువ ఇష్టమైన ముక్క అదే, కానీ రోడ్డు ఇరుకు, మలుపులెక్కువ, పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. అమ్మాయికి కార్లతో కలిసి తొక్కే అలవాటు లేకపోతే కాలువ గట్టు మీదే అలెగ్జాండర్ రోడ్డు దాకా వెళ్లి, ఊళ్లోంచి మెర్సర్ స్ట్రీట్ మీదుగా యుద్ధభూమికి వెనక్కి రండి.

ఆ వీధికీ, ఆ జిల్లాకూ పేరు ఇచ్చిన హ్యూ మెర్సర్ వృత్తిరీత్యా వైద్యుడు. జనవరి 3 ఉదయం ఈ పొలంలో బాయొనెట్ పోట్లు తిని, ఎదురుగా కనిపించే క్లార్క్ హౌస్‌లో తొమ్మిది రోజుల తరువాత చనిపోయాడు. ఆయన ఒరిగాడని చెప్పుకునే ఓక్ చెట్టు 2000 సంవత్సరంలో కూలిపోగా, దాని గింజ నుంచి పెంచిన మొక్క ఆ చోటనే పెరుగుతోంది. అక్కడి నుంచి ఊళ్లోకి వెళ్లే అదే మెర్సర్ స్ట్రీట్ మీద ఐన్‌స్టైన్ 1935 నుంచి 1955లో కన్నుమూసే దాకా ఉన్న తెల్లటి ఇల్లు ఉంది. అది మ్యూజియం కాదు, నివాసం; గేటు ముందు ఫొటోల కోసం గుంపు కట్టకుండా సాగిపోవడం మర్యాద. వీధి చివర, విశ్వవిద్యాలయం మధ్యలోని నాసావ్ హాల్లో ఆ ఉదయం చివరి బ్రిటిష్ సైనికులు లొంగిపోయారు. మీ చుట్టు కూడా అక్కడే ముగుస్తుంది.

ప్రశ్న: నేను తెనాలి నుంచి వచ్చాను, విశ్రాంత ఉపాధ్యాయురాలిని, వయసు 68. వెస్ట్ విండ్సర్‌లో మా అబ్బాయి ఇంటికి దగ్గరలోనే ఒక కాలువ ఉంది. సాయంత్రాలు దాని గట్టు మీద నడుస్తుంటే మా ఊరి కాలువలే గుర్తొస్తున్నాయి. అయితే ఇందులో ఒక్క పడవ లేదు, పక్కన ఒక్క వరిమడి లేదు. మరి ఎందుకు తవ్వారు? సైకిళ్ల కోసం ఇంత గట్టు వేశారా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే ఈ గట్టు మీద రోజూ తొక్కే వారిలో చాలామందికి తట్టని ప్రశ్న ఇది. మన కృష్ణా, గోదావరి డెల్టా కాలువలు రెండు పనులు చేసేవి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక వచ్చిన కాలువలు ఒక చేత్తో పొలాలకు నీరు పెడుతూ మరో చేత్తో పడవలు నడిపాయి. మీ తెనాలి పక్కన దుగ్గిరాల లాకుల దగ్గరి నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం వెళ్లి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది కాబట్టి, కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసులో దిగిన రోజులున్నాయి. మీ అబ్బాయి ఇంటి దగ్గరి డెలావేర్ అండ్ రారిటన్ కాలువ మాత్రం పొలాల కోసం తవ్వినది కాదు. కేవలం పడవల కోసమే.

ఫిలడెల్ఫియా వైపు డెలావేర్ నది, న్యూయార్క్ వైపు రారిటన్ నది. మధ్యలో న్యూజెర్సీ నడుము సన్నగా ఉంది. ఆ నడుముకు అడ్డంగా బోర్డెన్‌టౌన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్ దాకా 44 మైళ్లు తవ్వితే సముద్రం చుట్టి రానక్కరలేదు. 1830లో మొదలుపెట్టి 1834లో తెరిచారు. యంత్రాలు లేవు; పలుగు, పార, తోపుడుబండి. ఎక్కువమంది కూలీలు ఐర్లండు నుంచి వలస వచ్చినవారు. 1832లో కలరా వచ్చినప్పుడు తవ్వినచోటే ఎంతోమంది చనిపోయారు. నేలెత్తు మారే చోట పడవను పైకీ కిందికీ చేర్చడానికి ఈ 44 మైళ్లలో 14 లాకులు కట్టారు. అయితే కాలువకు అన్నింటికంటే ఎత్తైన భాగం ట్రెంటన్ దగ్గర పడింది, అక్కడికి నీరు దానంతట అది ఎక్కదు. అందుకని ఎగువన బుల్స్ ఐలండ్ దగ్గర డెలావేర్ నది నుంచి నీరు మళ్లించి, 22 మైళ్ల పిల్లకాలువ ఒకటి ట్రెంటన్ దాకా తెచ్చారు. పిల్లకాలువ అన్నానే గాని, మన ఊళ్లలా ఇది పెద్ద కాలువ నుంచి చీలి పొలానికి పోయేది కాదు, పెద్ద కాలువకే నీరు తెచ్చి పోసేది. పై జవాబులో చెప్పిన నది పక్కన దారి దీని ఒడ్డునే ఉంది.

మీరు నడిచే గట్టు అప్పటి కంచరగాడిదల బాట. మన వైపు పడవకు తాడు కట్టి మనుషులే గట్టు మీద లాగడం, గాలి ఉంటే తెరచాప ఎత్తడం, లేకుంటే గడ వేయడం మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. ఇక్కడ తొలిరోజుల్లో ఆ తాడు గాడిదల మెడలకు ఉండేది, తరువాత ఆవిరి పడవలు వచ్చాయి. మోసిన సరుకులో అగ్రభాగం పెన్సిల్వేనియా బొగ్గు. గట్టు పక్కన అక్కడక్కడ కనిపించే పాత చెక్క ఇళ్లు వంతెన కాపరులవి. పడవ వచ్చినప్పుడల్లా వంతెనను పక్కకు తిప్పి దారి ఇవ్వడం వారి ఉద్యోగం, కాబట్టి ఇల్లు వంతెన పక్కనే ఉండాలి. రైలు వచ్చి బొగ్గును పట్టుకుపోయింది. 1932లో పడవలు ఆగాయి. ఆ తరువాత కాలువను రాష్ట్రం తీసుకుంది, 1974లో పార్కుగా ప్రకటించింది. మీకు పడవ కనబడకపోయినా కాలువ ఖాళీగా లేదు: మధ్య న్యూజెర్సీలో లక్షలాది ఇళ్లకు తాగునీరు దీని నుంచే వెళుతోంది, బహుశా మీ అబ్బాయి ఇంటి కుళాయికి కూడా. సైకిళ్ల కోసం ఎవరూ గట్టు వేయలేదు; గాడిదల కోసం వేసిన గట్టు చదునుగా ఉండటం వల్ల సైకిళ్లు వచ్చి చేరాయి.

ఒక్క మాట. వెనకనుంచి సైకిలు వచ్చేటప్పుడు ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని కేక వేస్తారు. మీ ఎడమవైపు నుంచి దాటుతున్నామని దాని భావం, మిమ్మల్ని ఎడమకు జరగమని కాదు. మా అత్తగారు ఆ మాట విని ఎడమకే జరిగి ఒక పెద్దమనిషిని తుప్పల్లోకి పంపారు.

ప్రశ్న: మాది నదికి అవతలి ఒడ్డు, పెన్సిల్వేనియాలోని యార్డ్‌లీ. 35 మైళ్లు నా వల్ల కాదు. ఈ చుట్టులో చిన్నది ఏదైనా ఉందా? (ఒక పాఠకురాలు, యార్డ్‌లీ)

జవాబు: మీది అసలు అదృష్టం. నదికి మీ వైపున 1832లో పూర్తయిన డెలావేర్ కాలువ బ్రిస్టల్ నుంచి ఈస్టన్ దాకా 60 మైళ్లు ఉంది, దానికీ గట్టు ఉంది. రెండు ఒడ్డులా రెండు కాలువలు, మధ్యలో వంతెనలు. కాబట్టి ఎంత చుట్టు కావాలంటే అంత చుట్టు కట్ చేసుకోవచ్చు. 2021లో స్కడర్ ఫాల్స్ హైవే వంతెన పక్కన సైకిళ్లకూ పాదచారులకూ వేరే దారి తెరిచాక అన్నిటికంటే చిన్న చుట్టు మీ ఇంటి దగ్గరికే వచ్చింది. ఆ వంతెన మీదుగా న్యూజెర్సీ వెళ్లి, ఎగువకు వాషింగ్టన్ క్రాసింగ్ దాకా తొక్కి, అక్కడి వంతెన దాటి మీ గట్టు మీద యార్డ్‌లీ వైపు దిగితే ఆరేడు మైళ్లు. ఇనుప తడికల ఆ పాత వంతెన 1904 నాటిది. రెండు కార్లు ఎదురుపడితే అద్దాలు మడుచుకోవాలేమో అన్నంత ఇరుకు. పక్కన ఉన్న నడకబాట మీద సైకిలును నడిపించుకుంటూ దాటాలి.

ఇది అలవాటయ్యాక వాషింగ్టన్ క్రాసింగ్ నుంచి మీ గట్టు మీద న్యూ హోప్ దాకా, వంతెన దాటి లాంబర్ట్‌విల్, తిరిగి జెర్సీ ఒడ్డున కిందికి: సుమారు 14 మైళ్లు. ఈ దారిలో థాంప్సన్ నీలీ హౌస్ దగ్గర కాలువకూ నదికీ మధ్య వరుసగా రాళ్లు కనిపిస్తాయి. 1776 చలికాలంలో నది దాటకముందే జబ్బులతో చనిపోయిన సైనికుల సమాధులవి, వారిలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. క్రిస్మస్ నాడు నది దాటే ఘట్టాన్ని మీ ఒడ్డునే ఏటా ప్రదర్శిస్తారు. నీరూ గాలీ అనుకూలించకపోతే పడవలు దించరు.

ప్రశ్న: ఈ గట్ల మీదకు రోడ్డు సైకిలు పనికొస్తుందా? ఏ నెలలో వెళితే మంచిది? (ఒక పాఠకుడు, ఎడిసన్)

జవాబు: సన్న టైర్ల రోడ్డు సైకిలుతో వెళ్లినవారిని చూశాను, వారిలో కొందరిని గట్టు పక్కన కూర్చుని ట్యూబు మారుస్తుండగా చూశాను. పరిచింది రాతిపొడి, పెద్ద కాలువ గట్టు మీద చెట్ల వేళ్లు పైకి లేచి ఉంటాయి, వాన పడిన రెండు రోజుల దాకా బురద. 35 మిల్లీమీటర్లకు తగ్గని టైరు, ఒక అదనపు ట్యూబు, గాలి పంపు ఉంటే చాలు, గేర్లు ఎన్నున్నా పరవాలేదు. చున్నీ గాని వదులు పైజామా గాని వేసుకునేవారు గొలుసుకు తగలకుండా కట్టుకోవాలి.

నెలల విషయానికి వస్తే అక్టోబరు మూడో వారం నా ఓటు; ఆకులు రంగు మారి, దోమలు పోయి, నీడలో చెమట ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలలూ బాగుంటాయి, నది మాత్రం నిండుగా ఉంటుంది. డెలావేర్‌ను చిన్న నది అని పైన నేనే అన్నాను గాని, 1955 ఆగస్టులో వరుసగా వచ్చిన రెండు తుపానులతో ఇది పొంగి వంతెనలనే ఎత్తుకుపోయింది. పెద్ద వానల తరువాత గట్టు కోసుకుపోయి కొన్ని భాగాలు మూసి ఉంటాయి కాబట్టి, బయలుదేరే ముందు రోజు పార్కు ప్రకటన చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో వెళ్లక తప్పకపోతే ఉదయం ఆరింటికే చక్రం కదలాలి. ట్రెంటన్‌కూ ప్రిన్స్‌టన్‌కూ మధ్య గట్టు మీద నీళ్ల కుళాయి దొరుకుతుందని ఆశపడకుండా, ఒక్కొక్కరికి రెండేసి సీసాలు కట్టుకోండి.

ఇంకొకటి: ఇక్కడి గడ్డిలో నువ్వుగింజ అంత పిడుదు ఉంటుంది. అది కరిస్తే లైమ్ అనే జబ్బు రావచ్చు, దానికి ఆ పేరు దగ్గర్లోని కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక ఊరి నుంచే వచ్చింది. గట్టు మధ్యలో తొక్కేవారికి పెద్దగా భయం లేదు. ఫొటో కోసమో, ఇంకో పని కోసమో గడ్డిలోకి దిగినవారు ఇల్లు చేరగానే బట్టలు విప్పి, మోకాలి వెనక, చెవుల వెనక, నడుం పట్టీ దగ్గర తడిమి చూసుకోవాలి. కనిపిస్తే నూనెలూ నిప్పులూ పెట్టకుండా, సన్న పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేయండి. ఆ తరువాత కొన్ని వారాల లోపు చుట్టూ ఎర్రటి వలయం గాని జ్వరం గాని వస్తే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.